మడత పేచీ

తార్తూలో ఫిబ్రవరి. ఏరు గడ్డకట్టింది.
ప్రెస్సు కిటికీకి లోపలివైపున కూడా మంచు పేరుకుంది.
ఆసుపత్రివాళ్ళు ఒక కరపత్రం అడిగారు,
పక్షవాతం వచ్చి ఇంటికి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చేది:
ఏ వేలు ఎన్నిసార్లు వంచాలి, కాలు జారితే ఎవరికి ఫోన్ చెయ్యాలి.
ఆరు ముఖాలు, రెండు రంగులు, మూడు వేల కాపీలు.
ఓస్ ఇంతేనా, అన్నాను.

కాగితానికి నార ఉంటుందని నాకు చెప్పింది హెల్గి.
ముక్క తడిపి బల్లమీద పడేసేది,
ఎటు చుట్ట చుట్టుకుంటే అటే నార.
దాని వెంట మడిస్తే చెప్పిన మాట వింటుంది,
అడ్డం మడిస్తే మొరాయిస్తుంది,
సిరా చిట్లి మడత వెంట తెల్లటి గీరు తేలుతుంది.
"లోపలికెళ్ళే రెక్క రెండు మిల్లీమీటర్లు పొట్టిగా ఉండాలి ఉర్మస్,
లేకపోతే గోడకు తలకొట్టుకుని నడుం వంచేస్తుంది."
నలభై ఏళ్ళు ఆమె కూర్చున్న స్టూలు అది.
ఆమె ఎముక బద్ద ఇంకా నా సొరుగులోనే ఉంది,
ఆమె బొటనవేలు పట్టినంత మేర గుంటపడి.

అక్టోబర్లో ఆమె కుడిచెయ్యి పడిపోయింది.
మాటలు కూడా. మిగిలినవి ఓ పదో పన్నెండో.
వాటిలో "కాదు" మాత్రం సుస్పష్టం.

శనివారం శనివారం బూట్ల డబ్బాలో నమూనాలు పెట్టుకుని
బస్సెక్కి, లిఫ్టు లేని అయిదో అంతస్తుకి.

ఉత్తరం మడత ఇచ్చాను.
అంచులన్నీ ఒక్క గీతమీద, నాకెంత గర్వమో.
ఎడమచేతి గోరు సందు వెతికింది, దొరకలేదు.
కాగితం బల్లమీద చేపలా జారింది.
కాదు.

కుచ్చిళ్ళ మడత ఇచ్చాను.
ఒక కొస పట్టుకోగానే మిగతావన్నీ ఊడి
ఒళ్ళోకి, ఒళ్ళోంచి నేలమీదికి.
వంగి తీసుకోలేదు కదా ఆమె. నేనే తీశాను.
కాదు.

తలుపు రెక్కల మడత. ఇది తప్పకుండా నచ్చుతుందనుకున్నాను.
ఒక రెక్క తెరిచి రెండోదానికి వెళ్ళేలోగా మొదటిది మూసుకుంటుంది.
రెండు చేతులున్నవాళ్ళు
రెండు చేతులున్నవాళ్ళకి చేసే మర్యాద అది.
ఆమె కాదు అని కూడా అనలేదు.
పళ్ళతో పట్టి లాగింది.
అత్యవసర నంబరు సగం తడిసిపోయింది.
నేను క్షమించమన్నాను. సగం మొహంతో నవ్వింది.
మిగతా సగం నన్ను చూస్తూ ఊరుకుంది.

రాత్రంతా పేచీ, నాకూ కాగితానికీ.
మడవడం నాకొచ్చు. విప్పడం ఎవరిదో
ఎన్నడైనా అడిగానా?

నాలుగో వారం డబ్బా అడుగున, కదలకుండా కుక్కిన చెత్త షీటు ఒకటి.
గురువారం మెషీన్లో అడ్డుపట్టీ జారి
పై రెక్క బొటనవేలంత బయటికొచ్చేసింది.
పైగా నారకి అడ్డంగా కోసిన ముక్క.
నమూనాలన్నీ పక్కకి నెట్టి ఆమె దాన్ని లాక్కుంది.
మణికట్టుతో వెన్ను అదిమి
బొటనవేలు ఆ పెదవి కిందికి పోనిచ్చి
ఒక్క విదిలింపు.
లోపలి రెక్క దానంతటదే సగం లేచి నిలబడింది,
మొరాయించే కాగితం కదా, పడుకోదు.

ఆమె మళ్ళీ మూసింది. మళ్ళీ తెరిచింది.
మడత మీద గోటితో రాస్తూ పోయి, చివర ఆగి,
చాలాసేపు లోపల ఏదో వెతుక్కుని,
"వంకర" అంది.
అయిదు నెలల్లో నేను విన్న కొత్త మాట.

సోమవారం కాగితం అడ్డం కోయించాను,
చిట్లకుండా ముందే గీటు వేయించాను,
పదకొండు మిల్లీమీటర్ల పెదవి వదిలాను.
మెషీను కుర్రాడు రెండుసార్లు వచ్చి అడిగిపోయాడు.

కరపత్రాలు చేరిన రోజు ఆసుపత్రి గుమాస్తా ఫోను:
కోత సరిగ్గా పడలేదండీ, అంచులు కలవట్లేదు.
కుడిచెయ్యి జేబులో పెట్టుకుని తెరవండి, అన్నాను.
అవతల చప్పుడు లేదు.
తర్వాత కాగితం విప్పుకున్న చప్పుడు.